రెండు పాస్‌పోర్టులున్నా జనాజాకి అందలేదు



గత నెల మా ఖాలా కొడుకు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. ఖుషీగా ఉన్నాడు. "భాయిజాన్, అల్‌హందులిల్లా, సిటిజన్‌షిప్ వచ్చేసింది. అమెరికా పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు కూడా పెట్టేశాను" అన్నాడు. ముబారక్ చెప్పాను. తర్వాత గొంతు కొంచెం తగ్గించి అసలు మాటకొచ్చాడు.

"ఇండియా పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరేళ్ల గడువుంది. దాన్ని సరెండర్ చేయకుండా ఉంచేసుకుంటే ఏమవుతుంది? ఇక్కడ చాలామంది అలాగే చేస్తున్నారంట. హైదరాబాద్‌లో దిగేటప్పుడు అది చూపించడం, ఇక్కడ దిగేటప్పుడు ఇది చూపించడం. రెండూ ఉంటే మంచిదే కదా?"

ఆ రోజు గంటసేపు మాట్లాడాను. వాడికి నచ్చిందో లేదో తెలీదు. ఇదే సవాల్ ఈ రెండేళ్లలో నన్ను ఐదారుగురు అడిగారు. ఒకరికి ఒక రకంగా, ఇంకొకరికి ఇంకో రకంగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి ఇక్కడ రాసేస్తే మంచిదనిపించింది. నేను వకీలును కాను. కానీ నా దగ్గర రెండు దేశాల పాస్‌పోర్టులున్నాయి. వాటి విషయంలో చేసిన ఒక గలతీకి నేను కట్టిన ఖీమత్ ఏమిటో నాకు తెలుసు.

ముందు నా హిసాబ్ చెప్పుకుంటాను. మాది కర్నూలు. 1996లో జిద్దా వెళ్లాను. ఏడేళ్లు అక్కడ పనిచేసి 2003లో బీవీబచ్చాలతో టొరంటో చేరాను. 2008లో కెనడా షహ్రియత్ వచ్చింది. 2010లో ఉద్యోగం షికాగోకి మారింది. 2016లో అమెరికా షహ్రియత్ కూడా వచ్చింది. కెనడా 1977 నుంచి తన పౌరులు ఇంకో దేశానికి కూడా పౌరులుగా ఉండటాన్ని ఒప్పుకుంటోంది. అమెరికా కూడా, ప్రమాణంలో ఏ మాటలున్నా, పాత పాస్‌పోర్ట్ తెచ్చి ఇమ్మని అడగదు. అలా నేను దో ముల్కోంకా షహ్రీ అయ్యాను. ఆ రెండింటిలో హిందూస్తాన్ లేదు. కెనడా పౌరుణ్ణయిన రోజే భారత షహ్రియత్ పోయింది. పాస్‌పోర్ట్ సరెండర్ చేసి 2009లో ఓసీఐ కార్డు తీసుకున్నాను. ఆ కార్డు మీద ఉన్నది నా కెనడా పాస్‌పోర్ట్ నంబరు.

ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయింది అదే.

2019 జనవరిలో ఒక శనివారం. షికాగోలో సాయంత్రం ఐదున్నర, కర్నూలులో ఆదివారం ఫజర్ వేళ. తమ్ముడు ఫోన్ చేశాడు. అబ్బా ఇంతఖాల్ అయ్యారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

"భాయిజాన్, మీరొస్తారా? వస్తానంటే సోమవారం జొహర్ దాకా ఆపుతాం" అన్నాడు తమ్ముడు. మయ్యత్‌ను అంతసేపు ఉంచడం మన ఇళ్లల్లో ఎంత కష్టమో మీకు తెలుసు. అయినా పెద్దకొడుకు కోసం అమ్మీ ఒప్పుకుంది. రాత్రి విమానం దొరికింది. అది ఎక్కితే సోమవారం తెల్లవారుజామున శంషాబాద్, పొద్దెక్కేసరికి కర్నూలు. టికెట్ కొన్నాను. ఒక చిన్న బ్యాగ్, అమెరికా పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు పట్టుకుని ఎయిర్‌పోర్ట్‌కి పరుగెత్తాను.

కౌంటర్లో ఉన్న అమ్మాయి కార్డు చూసింది, పాస్‌పోర్ట్ చూసింది, మళ్లీ కార్డు చూసింది. "సార్, ఇందులో కెనడా అని ఉంది. ఈ నంబరు పాస్‌పోర్ట్ ఏది?" అని అడిగింది. ఇంట్లో కూడా లేదు. బ్యాంక్ లాకర్లో మా బేగం జేవర్‌తో పాటు భద్రంగా ఉంది. అమెరికా పాస్‌పోర్ట్ వచ్చాక ఇంక దానితో పనేముందిలే అని నేనే తీసుకెళ్లి పెట్టాను. ఆ అమ్మాయి తన పైవాళ్లను పిలిచింది. వాళ్లు ఇంకెవరికో ఫోన్ చేశారు. అరగంట తర్వాత జవాబు ఒకటే: కార్డులో ఉన్న పాస్‌పోర్ట్ తెస్తే ఎక్కిస్తాం.

శనివారం రాత్రి. బ్యాంక్ తెరిచేది సోమవారం ఉదయం తొమ్మిదికి.

అక్కడే కుర్చీలో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, నా కోసం ఆపొద్దని. ఆదివారం రాత్రి ఇషా తర్వాత నమాజె జనాజా అయింది. నేను బుధవారం పొద్దున కర్నూలు చేరాను. మూడో రోజు జియారత్ కూడా అయిపోయింది. ఖబరస్తాన్‌కి వెళ్లేసరికి ఖబర్ మీద మట్టి ఎండిపోయి ఉంది. మూడు దోసిళ్ల మట్టి వేయడం పెద్దకొడుకుగా నా హక్ అనుకుని పెరిగాను. ఆ మట్టి వేసింది వేరేవాళ్లు.

ఎయిర్‌లైన్ వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ల పని వాళ్లు చేశారు. దేశం మారినప్పుడు ఓసీఐ కార్డు మళ్లీ చేయించుకోవాలని నాకు ముందే తెలుసు. ఫారం సగం నింపి "రేపు చేద్దాం" అని మూడేళ్లు గడిపాను. కనీసం ఆ పాస్‌పోర్ట్‌నైనా కార్డుతో పాటు సొరుగులో ఉంచుకుని ఉంటే సరిపోయేది. రెండు పాస్‌పోర్టులున్నాయన్న గురూర్‌లో ఏది ఎక్కడ పనికొస్తుందో ఆలోచించడమే మానేశాను.

ఆ తర్వాత కూర్చుని చదివాను. నాకు అర్థమైనంత సీదాగా చెప్తాను.

మొదటిది. ఏ దేశానికి మీరు పౌరులో ఆ దేశం దర్వాజా దగ్గర ఆ దేశం పాస్‌పోర్టే చూపించాలి. ఇందులో పసంద్‌కి చోటు లేదు. అమెరికా పౌరుడు అమెరికాలోకి రావాలన్నా, బయటికి వెళ్లాలన్నా అమెరికా పాస్‌పోర్ట్‌తోనే అని వాళ్ల ఖానూన్ చెప్తుంది. కెనడా 2016 నవంబరు నుంచి ఈ విషయంలో గట్టిగా ఉంది. రెండు దేశాల పౌరసత్వం ఉన్న కెనడా వాళ్లు విమానంలో రావాలంటే కెనడా పాస్‌పోర్ట్ ఉండాల్సిందే. నాలా అమెరికా, కెనడా రెండూ ఉన్నవాళ్లకి మాత్రం రిఆయత్ ఇచ్చారు, చెల్లుబాటులో ఉన్న అమెరికా పాస్‌పోర్ట్‌తో కూడా వెళ్లొచ్చు. నన్ను పాడుచేసింది ఈ రిఆయతే. టొరంటోకి కూడా అవసరం లేదు కదా అనే కెనడా పాస్‌పోర్ట్‌ను లాకర్లో పెట్టాను. టొరంటోకి అవసరం లేకపోవచ్చు, కర్నూలుకి అవసరమని అప్పుడు తట్టలేదు.

రెండోది. మీ రెండు దేశాలూ కాని మూడో దేశానికి వెళ్లేటప్పుడు ఇఖ్తియార్ మీది. వీసా ఖర్చు దేనికి తక్కువ, ఎన్ని రోజులు ఉండనిస్తారు, దేనికి గడువు ఎక్కువ ఉంది, ఇవన్నీ చూసుకుని ఒకటి ఎంచుకోండి. అందులో తప్పేమీ లేదు. కానీ ఎంచుకున్నాక మొదటినుంచి చివరిదాకా అదే ఉండాలి. వీసా దాని మీదే, టికెట్‌లో ఇచ్చిన నంబరు అదే, దిగేటప్పుడు చూపించేది అదే, తిరిగి బయల్దేరేటప్పుడూ అదే. ఒక దేశంలోకి ఒక నంబరుతో దిగి ఇంకో నంబరుతో బయటికి పోబోతే, వాళ్ల కంప్యూటర్లో రెండో నంబరు మనిషి అసలు రాలేదు, మొదటి నంబరు మనిషి ఇంకా వెళ్లలేదు. గడువు దాటి దేశంలోనే దాక్కున్నవాడి కింద లెక్క వేస్తే వాళ్లను ఏమనగలం?

ఉమ్రాకి వెళ్లే మన కుటుంబాల్లో ఈ గడ్‌బడ్ ఎక్కువ. 2019 సెప్టెంబరు నుంచి సౌదీ టూరిస్ట్ ఈ-వీసా ఇస్తోంది. అమెరికా, కెనడా, బ్రిటన్ పాస్‌పోర్టులున్నవాళ్లు ఆన్‌లైన్‌లోనే తీసుకుని దానిమీద ఉమ్రా కూడా చేయొచ్చు. సహూలత్ పెరిగింది, తొందరపాటూ పెరిగింది. మా ఇంట్లోనే బేగం ఒక రాత్రి కూర్చుని నాకు వీసా కెనడా పాస్‌పోర్ట్ మీద తీసింది. నేను టికెట్ అమెరికా పాస్‌పోర్ట్ నంబరుతో కొన్నాను. ఎహ్రామ్ బట్టలు సర్దే రోజున కాగితాలన్నీ బల్లమీద పరిచి చూసుకున్నాం కాబట్టి బయటపడింది. టికెట్లో నంబరు మార్పించుకోవడానికి ఒక ఫోన్ సరిపోయింది. అదే ఎయిర్‌పోర్ట్‌లో బయటపడి ఉంటే?

అదే ఈ-వీసా మీద హజ్ చేయకూడదు. ఇది మాత్రం దయచేసి అందరికీ చెప్పండి. 2024 హజ్‌లో ఎండ తీవ్రతకి 1,301 మంది వఫాత్ అయ్యారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లలో 83 శాతం మందికి హజ్ అనుమతి లేదు. అనుమతి లేనివాళ్లకి డేరా లేదు, బస్సు లేదు, నీడ లేదు. మైళ్ల దూరం ఎండలో నడిచారు. సరైన కాగజ్ లేకపోవడం అంటే జుర్మానా కట్టడం ఒక్కటే కాదు.

మూడోది చాలామందికి తెలియనిది. మీరు ఏ దేశంలో ఉన్నప్పుడు ఆ దేశానికే పౌరులో, అక్కడ మీకు కష్టమొస్తే మీ రెండో దేశం కాన్సులేట్ పెద్దగా ఏమీ చేయలేదు. 1930 నాటి హేగ్ ఒప్పందంలోనే ఈ మాట ఉంది: ఒక వ్యక్తి రెండు దేశాల పౌరుడైతే, అందులో ఒక దేశానికి వ్యతిరేకంగా రెండోది అతన్ని వెనకేసుకు రాకూడదు. షికాగోలో నన్ను పోలీసులు పట్టుకుంటే నేను కెనడా వాణ్ణని చెప్పుకోవడం వల్ల ఫాయిదా లేదు. టాక్స్ కూడా అంతే. అమెరికా తన పౌరులు ఎక్కడ ఉన్నా ఆదాయం లెక్క అడుగుతుంది. బయట దేశాల బ్యాంకుల్లో అంతా కలిపి 10,000 డాలర్లు దాటితే ఆ హిసాబ్ వేరే ఇవ్వాలి. ఎయిర్‌పోర్ట్‌లో కెనడా పాస్‌పోర్ట్ చూపించినంత మాత్రాన ఈ జిమ్మేదారీ తప్పదు. జేబులోంచి ఏది తీశాం అన్నదానికీ, మనం ఎవరం అన్నదానికీ సంబంధం లేదు.

ఇప్పుడు మా ఖాలా కొడుకు సవాల్‌కి వస్తాను.

హిందూస్తాన్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ఇదే చెప్తాయి. సొంత ఇష్టంతో ఇంకో దేశం షహ్రియత్ తీసుకున్న రోజే భారత షహ్రియత్ పోతుంది. పాస్‌పోర్ట్ మీద 2031 వరకు గడువుందని అచ్చు వేసి ఉన్నా సరే. ఆ తర్వాత దాన్ని వాడటం జుర్మ్. కాబట్టి "ఏది చూపించాలి" అన్న ప్రశ్నే అక్కడ లేదు. వాడి దగ్గర ఉన్నవి రెండు పాస్‌పోర్టులు కావు. ఒకటి పాస్‌పోర్ట్, రెండోది పాస్‌పోర్ట్‌లా కనిపించే కాగజ్.

హోషియారీతో ఎన్నిసార్లు దాటతారు? శంషాబాద్‌లో దిగేటప్పుడు నీలం పాస్‌పోర్ట్ చూపించి దాటేశారనుకుందాం. తిరిగి బయల్దేరేటప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసర్ "అమెరికా వీసా ఏది, గ్రీన్‌కార్డ్ ఏది" అంటాడు. గ్రీన్‌కార్డ్ షహ్రియత్ ఇచ్చే రోజే వెనక్కి తీసుకుంటారు. అప్పుడు అమెరికా పాస్‌పోర్ట్ తీయాలి. తీశారా, వచ్చేటప్పుడు చెప్పింది ఝూట్ అని మీరే సబూత్ ఇచ్చినట్టు. పక్కన బీవీ, భుజంమీద నిద్రపోతున్న పసిపిల్ల, వెనక వరుసలో అందరూ చూస్తుంటారు. ఆ ఇజ్జత్ ఏ ఫాయిదాకి సరిపోతుంది?

పట్టుబడతామన్న డర్ ఒక్కటే అయితే దీని గురించి ఇంత రాసేవాణ్ణి కాదు. కొత్త దేశం మన చేత ప్రమాణం చేయించుకుంది. ఆ హాల్లో చేయి ఎత్తి, మాట ఇచ్చి, కాగజ్ తీసుకుని బయటికి వచ్చాం. పాత దేశం కానూన్ ముందే చెప్పింది, అలా చేస్తే ఇది వెనక్కి ఇవ్వాలని. రెండు చోట్లా వాదా చేసి రెండు చోట్లా దాచడం తిజారత్‌లో చేస్తే దాన్ని ధోకా అంటాం. అదే ఎయిర్‌పోర్ట్‌లో చేస్తే తెలివి అంటున్నాం. పాస్‌పోర్ట్ అమానత్. దాని మీద రాసే ఉంటుంది, అది ప్రభుత్వం సొత్తు అని. గడువైపోయిన అమానత్‌ను ఇచ్చేయాలి.

"భాయిజాన్, వతన్‌ని వదులుకున్నట్టు అనిపిస్తుంది" అన్నాడు వాడు. నిజమే. నాకూ అనిపించింది. సరెండర్ చేసిన పాస్‌పోర్ట్ రద్దు ముద్ర వేసి తిరిగి పంపారు. మొదటి పేజీలో ఇరవై మూడేళ్ల నా ఫోటో, కర్నూలు చిరునామా, అబ్బా పేరు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. హిందూస్తాన్ ఈ ఖానూన్ మార్చాలని కోరేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. తలుపు తెరవమని అడగాలంటే ముందు నిలబడి అడగాలి, వెనక గోడ దూకుతూ కాదు. దొంగచాటుగా ఉంచుకునే ప్రతి పాస్‌పోర్ట్ ఆ అడిగేవాళ్ల మాటను బలహీనం చేస్తుంది.

ప్రభుత్వం మధ్యేమార్గంగా ఇచ్చింది ఓసీఐ. 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్ సభలో మొదలైంది. పేరులో సిటిజన్ అని ఉంటుంది కానీ అది షహ్రియత్ కాదు. జీవితాంతం పనికొచ్చే వీసా. ఓటు లేదు. సాగుభూమి కొనలేం. అబ్బా వదిలి వెళ్లిన మూడెకరాల్లో నా హిస్సా విరాసత్‌గా వస్తే ఉంచుకోవచ్చు, పక్కన అర ఎకరం కొందామంటే కుదరదు. మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2021 మార్చిలో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఓసీఐ ఉన్నవాళ్లు తబ్లీగ్ పనికి ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. సెలవుల్లో వచ్చి చిల్లాకి జమాఅత్‌తో బయల్దేరేవాళ్లు ఇది తెలియకుండా వెళ్లకండి. అదే ఏడాది ఓసీఐ ఉన్నవాళ్లు పాత, గడువైపోయిన పాస్‌పోర్ట్ వెంట తేవాల్సిన అవసరం లేదని కూడా చెప్పారు. నాలా దేశమే మారినవాళ్లు మాత్రం కార్డు మళ్లీ చేయించుకోవాలి.

ఓసీఐ అందరికీ దొరకదు కూడా. తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఎవరైనా ఎప్పుడైనా పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఇవ్వరు. 1948 తర్వాత హైదరాబాద్ నుంచి కరాచీ వెళ్లిన కుటుంబాలు ఎన్ని! అటు వెళ్లిన ఇంటి అమ్మాయి, ఇటు ఉండిపోయిన ఇంటి అబ్బాయి టొరంటోలో నికాహ్ చేసుకుంటారు. వాళ్ల బచ్చాలకి నానీ ఇల్లు ఒక ముల్క్‌లో, దాదీ ఇల్లు ఇంకో ముల్క్‌లో. రెండింటికీ వీసా కోసం వరుసలో నిలబడాల్సిందే. అలాంటి దోస్త్ ఒకడు నాతో అన్నాడు, "నీకు ఏ పాస్‌పోర్ట్ చూపించాలన్నది మస్‌అలా. నా కూతురికి ఏ పాస్‌పోర్ట్ చూపించినా మస్‌అలానే." వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక పెద్దల మాట. 2019 చివర్లో, 2020లో ఎన్‌ఆర్‌సీ భయం ప్రతి ఇంట్లోకీ వచ్చింది. అమ్మీ ఇనప పెట్టెలోంచి కాగితాలన్నీ తీసి నవార్ మంచం మీద పరిచిందంట. అబ్బా స్కూల్ సర్టిఫికెట్, తాత పట్టా, రేషన్ కార్డు, నా మెట్రిక్ మార్కుల పట్టీ. ఫోన్‌లో అడిగింది, "బేటా, నీ ఇండియా పాస్‌పోర్ట్ ఎందుకు ఇచ్చేశావు? అదొక్కటీ ఉంటే ఎంత బాగుండేది!"

ఆ డర్‌ని నేను తేలిగ్గా తీసేయను. కాగజ్ లేకపోతే ఏమవుతుందో అన్న భయంతో బతికే ఇంట్లో, ఉన్న కాగజ్‌ను చేతులారా ఇచ్చేయడం పిచ్చిపనిలానే కనిపిస్తుంది. మీ ఇంట్లో అమ్మీయో అబ్బాయో ఇదే మాట అంటే వాళ్లమీద విసుక్కోకండి. కూర్చోబెట్టి చెప్పండి. అమ్మీకి నేను చెప్పింది ఇది: "అమ్మీ, నువ్వు హిందూస్తానీవి కావడానికి నా పాస్‌పోర్ట్ అక్కర్లేదు. తమ్ముడికీ అక్కర్లేదు. మీ హక్ మీది. అది మీ పుట్టుకది, మీ పెట్టెలో ఉన్న కాగితాలది. నేను చచ్చిన పాస్‌పోర్ట్ ఒకటి దాచుకుంటే అది మిమ్మల్ని కాపాడదు. ఎప్పుడైనా బయటపడితే, చూశారా వీళ్లు ఇలాగే చేస్తారని చూపించడానికి పనికొస్తుంది. ఒక్కడి ఝూట్‌ని అందరి మీదా రుద్దే రోజులివి." అమ్మీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే బేటా, కానీ ఆ ముద్ర వేసిందైనా పారేయకు" అంది. పారేయలేదు.

తర్వాత అమ్మీతో హజ్ చేయాలని నియ్యత్ చేసుకున్నాను. అక్కడ కూడా పాస్‌పోర్టులు మమ్మల్ని విడదీశాయి. హజ్ కోటాలు దేశాల వారీగా ఉంటాయి. 2024లో భారత్ కోటా 1,75,025. అమ్మీ తమ్ముడితో కలిసి హజ్ కమిటీ ద్వారా హైదరాబాద్ నుంచి వెళ్లింది. హజ్ కమిటీకి భారత పౌరులే దరఖాస్తు పెట్టాలి. నేను అమెరికా, యూరప్ వైపు వాళ్లకి పెట్టిన నుసుక్ ద్వారా షికాగో నుంచి వెళ్లాను. ఒకే మినా మైదానం, వేర్వేరు దేశాల డేరాలు. ఫోన్‌లో దారి చెప్పించుకుంటూ వెతుక్కుని అమ్మీ డేరాకి చేరి పది నిమిషాలు కాళ్ల దగ్గర కూర్చున్నాను. అక్కడ అందరం ఒకే తెల్లబట్టలో ఉన్నాం, అయినా మెడలో కార్డులు వేరు. ఇది నేను ఎంచుకున్న బతుకు ఖీమత్. శికాయత్ లేదు. కొత్తగా షహ్రియత్ తీసుకోబోయేవాళ్లు ఇలాంటివి కూడా హిసాబ్‌లో వేసుకోండి.

ఒక మాట మిగిలింది. చెప్పకపోతే ఇదంతా అధూరా.

అబ్బా జనాజాకి కాంధా ఇచ్చి, నేను వేయాల్సిన మట్టి వేసినవాళ్లలో మా చాచా కొడుకు ఒకడు. వాడు కువైట్‌లో డ్రైవర్. ఒక్కటే పాస్‌పోర్ట్. అది కూడా వాడి చేతిలో ఉండదు, కఫీల్ దగ్గర ఉంటుంది. పనివాళ్ల పాస్‌పోర్ట్ యజమాని ఉంచుకోకూడదని అక్కడ ఖానూన్ ఉన్నా జరిగేది జరుగుతూనే ఉంటుంది. ఆ రాత్రి రెండున్నరకి వాడికి ఫోన్ వెళ్లింది. ఫజర్ దాకా కఫీల్ ఇంటి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి నమాజ్‌కి బయటికి రాగానే విషయం చెప్పాడు. ఆయన లోపలికి వెళ్లి పాస్‌పోర్ట్ తెచ్చి చేతిలో పెట్టి, టికెట్‌కి కొంత పైసా కూడా ఇచ్చాడు. వాడు సాయంత్రానికి శంషాబాద్‌లో దిగి, ఇషాకి కర్నూలులో సఫ్‌లో నిలబడ్డాడు.

ఇవ్వని కఫీల్ అయ్యుంటే వాడూ వచ్చేవాడు కాదు. కడప, రాయచోటి, నిజామాబాద్ వైపు ఇళ్లల్లో అలా రాలేకపోయినవాళ్ల కథలు మీకు నాకంటే ఎక్కువ తెలుసు. ఇరవై ఏళ్లు పనిచేసినా గల్ఫ్ వాళ్లకి షహ్రియత్ ఇవ్వదు. వాళ్లకి ఎంచుకోవడమన్నదే లేదు. మనకి ఉంది. ఇంత పెద్ద నేమత్ చేతిలో పెట్టుకుని దాంతో చిన్న చిన్న ఝూట్‌లు ఆడటం, లేదా నాలా లాకర్లో పడేసి మరిచిపోవడం, రెండూ నాషుక్రీనే.

మొన్న మా చిన్న కూతురు అడిగింది. షికాగోలో పుట్టింది కాబట్టి అమెరికా, నా వల్ల కెనడా, చేతిలో ఓసీఐ. "అబ్బా, ఇందులో నిజంగా నేను ఏది?" అంది. పద్నాలుగేళ్లు. చెప్పాను: "బేటీ, పాస్‌పోర్ట్ నువ్వెవరో చెప్పదు. నీ కోసం ఎవరు జిమ్మేదారీ తీసుకుంటారో, నువ్వు ఎవరికి మాట ఇచ్చావో చెప్తుంది. నువ్వెవరో కర్నూలు దాదీని అడుగు." నవ్వింది. నిజంగానే అడిగింది కూడా. దాదీ ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

కాబట్టి నా రాయ్ ఇది. ప్రతి దేశం దర్వాజా దగ్గర ఆ దేశానిదే చూపండి. మూడో దేశానికి ఒకటి ఎంచుకుని చివరిదాకా దాని మీదే ఉండండి. ఎవరైనా అధికారి ఇంకో షహ్రియత్ ఉందా అని అడిగితే దాచకండి. ఇండియా పాస్‌పోర్ట్ పనికిరాకుండా పోయిన రోజు దాన్ని సరెండర్ చేయండి. ఓసీఐ కార్డూ, దానిమీద నంబరున్న పాస్‌పోర్టూ ఒకే కవర్లో, చేతికందే చోట ఉంచండి, లాకర్లో కాదు. ఈ రాత్రే తీసి నంబర్లు, గడువు తేదీలు, పేరులో అక్షరాలు సరిచూసుకోండి. ఇళ్లల్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా.

మౌత్ ఖబర్ బ్యాంక్ తెరిచే వేళ చూసుకుని రాదు.

అల్లాహ్ మన మర్హూమీన్‌ని బఖ్షించుగాక. దూరదేశాల్లో ఉన్న మన బచ్చాలని సలామత్‌గా ఉంచుగాక. మా అబ్బా కోసం ఒక దుఆ చేయండి.

ఖుదా హాఫిజ్.